తల్లి సీసా

సీసాలన్నీ పచ్చబడ్డాయి.

కోడలు ఒక సీసాను కిటికీ వెలుతురుకి ఎత్తి తిప్పి చూసింది. ఉడికిన గోధుమ గింజల మధ్య తెల్లటి పోగులు అల్లుకుంటూ సగం దాకా వచ్చి ఆగిపోయాయి. ఆ తెలుపు మీద, గాజుకి ఆనుకుని, ఆకుపచ్చ బూజు. నిన్న లేదు. పక్క సీసా తీసింది. అదీ అంతే. అరలో వరసగా పెట్టిన సీసాలన్నీ ఒక్కొక్కటే తీసి చూసి నేల మీద పెట్టింది. చివరికి అరలో రెండే మిగిలాయి. అవి ఆమె చేసినవి కావు. మొగుడు చేసి పెట్టి పోయినవి. తల్లి సీసాలు.

"పోయాయా?" అత్త గుమ్మం అవతల నిలబడి అడిగింది. స్నానం చేయకుండా, ఉతికిన బట్ట కట్టకుండా ఆ గదిలో ఎవరూ అడుగు పెట్టకూడదు. కొడుకు పెట్టిన నియమం.

"పోయాయి."

"అన్నీనా?"

"అన్నీ అత్తయ్యా. కనపడుతున్నాయిగా."

"కనపడుతున్నాయిలే. డ్రమ్ములో ఉడకబెడితే ఇంతకంటే ఏమొస్తుంది? కుక్కర్ కొని మూలన పెట్టాడు వాడు. దానికి దణ్ణం పెట్టుకుంటూ కూర్చో, నువ్వు ముట్టుకోకు."

కుక్కర్ అంటే మామూలు వంటింటి కుక్కర్ కాదు. మోకాలి ఎత్తుంటుంది. మూత మీద ఒత్తిడి చూపే ముల్లు, చుట్టూ బిగించే మరలు. ఆమె ఆ మూలకి చూడటం మానేసి చాలా కాలమైంది.

పుట్టగొడుగు తినేవాళ్ళకి తెలియదు కానీ, పెంచేవాళ్ళ పనిలో ముప్పావు వంతు చంపడమే. గడ్డిలో, గింజలో, గాలిలో, మన గోళ్ళ సందుల్లో లెక్కలేనన్ని బూజులుంటాయి. పుట్టగొడుగు తినే తిండే వాటికీ కావాలి. పైగా వాటికి ఆకలి ఎక్కువ, తొందర ఎక్కువ. అందుకని ముందు తిండిని శుభ్రం చేయాలి, తర్వాత విత్తనం కలపాలి. గడ్డికైతే పెద్ద గొడవ లేదు. సున్నం కలిపిన నీళ్ళలో నానబెట్టి వార్చేస్తే చాలు, నిప్పుతో పనే లేదు. లేదా మరిగే నీళ్ళలో కాసేపు ముంచి తీయొచ్చు. అందులో అన్నీ చావవు. కొన్ని మంచివి మిగులుతాయి, అవే కాపలా కాస్తాయి. విత్తనం చేసే గింజ సంగతి వేరు. గింజ బలమైన తిండి. దాని పొట్టలో మొండి క్రిములు ముడుచుకుని పడుకుని ఉంటాయి. మరిగే నీళ్ళని అవి లెక్కచేయవు. వాటికి బిగించిన మూత కింద, దారి దొరక్క రగిలిపోయే ఆవిరి కావాలి.

ఆ ఆవిరే ఆమె మొగుణ్ణి చంపింది.

అలా అని ఏ కాగితం మీదా లేదు. కాగితం మీద ఉన్నది "పనివాడి అజాగ్రత్త" అని. అతను ఊరవతల పుట్టగొడుగుల కంపెనీలో ఆవిరి పెట్టె దగ్గర పని చేసేవాడు. పెట్టె అంటే ఒక గదంత ఇనప పెట్టె. రంపపు పొట్టు నింపిన సంచులు బండి మీద లోపలికి తోసి, తలుపు బిగించి, ఆవిరి వదులుతారు. ముల్లు కిందికి దిగే దాకా అతను ఈల వేస్తూ తలుపు పక్కనే నిలబడేవాడు. ముల్లు సున్నా మీద పడుకుంటే తప్ప ఈల ఆగేది కాదు, చెయ్యి గడియ మీద పడేది కాదు. అందుకే కంపెనీలో అందరూ అతన్ని ఈల అని పిలిచారు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ అరిగిపోయిందని అతను అడిగాడు. మళ్ళీ అడిగాడు. ఈ ఆర్డరు పోనీ అన్నారు. ఆర్డరు పోయింది, ఇంకో ఆర్డరు వచ్చింది. ఒకరోజు పొద్దున తలుపు ఊడింది. ముల్లు దిగకుండా తలుపు తీశాడని కంపెనీ రాసుకుంది. ఈల గాడు! ముల్లు దిగకుండా! ఆ రాత రాసినవాడు జన్మలో ఆ తలుపు ముందు నిలబడి ఉండడు.

ఇంటికి తెచ్చినప్పుడు ముఖం చూడనివ్వలేదు. గుడ్డలో చుట్టేశారు. పెళ్ళాం వంగి వాసన చూసింది. మందుల వాసన తప్ప ఏమీ రాలేదు.

అందుకే ఆమె మూత బిగించని డ్రమ్మునే నమ్ముకుంది. దానికీ ఒక పద్ధతి ఉంది, అతను చెప్పిందే. ఇవాళ ఆవిరి పట్టించి వదిలేస్తే, పడుకున్న మొండి క్రిములు పీడ వదిలిందనుకుని నిద్ర లేస్తాయి. మర్నాడు మళ్ళీ పట్టిస్తే లేచినవి చస్తాయి. మూడోనాడు మళ్ళీ. ఓపికుంటే కుక్కర్ లేకుండానే పని జరుగుతుంది. అతని స్నేహితుడు, అదే కంపెనీలో సంచులు తూచే మనిషి, తూకం అంటారు, ఆ పద్ధతి విని పగలబడి నవ్వాడు. "ఇది మా కంపెనీ పద్ధతే కదా వదినా. పడుకున్నన్నాళ్ళూ ఎవణ్ణీ ఏమీ అనరు. లేచినవాడికే కాల్చి వాత పెడతారు."

పద్ధతి మంచిదే. ఆమె శ్రద్ధగానే చేసింది. అయినా పచ్చబడ్డాయి.

ఆ రెండు తల్లి సీసాలూ ఏమిటో చెప్పాలి. కంపెనీ అమ్మే విత్తనం అందరికీ దొరుకుతుంది. ఇది అది కాదు. ఒకసారి పని నుంచి నడిచి వస్తూ, పడిపోయిన ఒక చెట్టు మొద్దు మీద పుట్టగొడుగుల గుత్తి చూసి, అన్నం డబ్బాలో పెట్టుకుని తెచ్చాడతను. దాని మధ్యలోంచి గోరంత ముక్క తీసి, సీసాలో గింజల మీద పెట్టి బతికించాడు. సీసా నుంచి సీసాకి మారుస్తూ, బలమున్నది ఉంచుతూ, లేనిది పారేస్తూ పెంచాడు. బూడిద రంగు గొడుగు, మందపాటి కాడ. "ఇది మనది" అనేవాడు. ఆ మొద్దున్న చోట ఇప్పుడు కంపెనీ గోడౌను ఉంది. అతను పోయాక పెరటి షెడ్డులో అతను పెంచిన పుట్టగొడుగుల సంచులు ఎండిపోయాయి, చూసే దిక్కు లేక. మిగిలింది ఈ సీసాలే. అవి కూడా ఎల్లకాలం ఉండవు. గింజ ఎండి, పోగు నీరసించి, లోపలే చచ్చిపోతుంది. కొత్త గింజలోకి మారిస్తేనే బతుకు. ఒక్కో తల్లి సీసా విదిలిస్తే ఒక అర నిండా కొత్త సీసాలవుతాయి. పచ్చబడితే ఒక తల్లి పోయినట్టే.

"కంపెనీ విత్తనం తెచ్చుకో, షెడ్డన్నా నడుస్తుంది" అని తూకం ఒకసారి అన్నాడు.

"ఆయన షెడ్డులో కంపెనీ విత్తనమా?" అంది ఆమె. అతను తల దించుకున్నాడు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

*

గది కడగడం మొదలుపెట్టింది కోడలు.

అది ఒకప్పటి స్నానాల గది. మొగుడే కిటికీకి మందపాటి ప్లాస్టిక్ కొట్టి, గోడలకి సున్నం వేసి, బల్ల పెట్టి, విత్తనం మార్చే గదిగా చేశాడు. గాలి కదలకూడదు. ఫ్యాను లేదు. స్పిరిట్ దీపం ముందు కూర్చుని, దీపం మంట పక్కనే సీసా మూతి తెరిచి, గింజలు కలిపి, చటుక్కున దూది పెట్టేయాలి. ఆమె నేల బ్లీచింగుతో తోమింది. గోడలకి మళ్ళీ సున్నం వేసింది. బల్ల, అర, కిటికీ చువ్వలు స్పిరిట్‌తో తుడిచింది. తలుపు వెనక మేకు ఉంది. మేకు చుట్టూ తుడిచింది.

మేకుకి చొక్కా వేలాడుతోంది.

ఆ రోజు పొద్దున అతను ఈ గదిలోనే పని చేసుకుని, చొక్కా విప్పి మేకుకి తగిలించి, కంపెనీ బట్టలు వేసుకుని వెళ్ళాడు. అప్పటినుంచి అది అక్కడే ఉంది. మిగతా బట్టలన్నీ ఆమె ఉతికేసింది, వచ్చినవాళ్ళూ పోయినవాళ్ళూ ఉన్న రోజుల్లో ఏం చేస్తోందో తెలియకుండానే ఉతికేసింది. ఇది మాత్రం మిగిలింది. పని మొదలుపెట్టే ముందు ఆమె ఆ కాలర్లో ముఖం దూరుస్తుంది. కొబ్బరినూనె వాసన. రోజూ తలకి రాసుకునే నూనె. పొద్దున్నే తల్లి అరచేత్తో అదిమి రాస్తుంటే "చాల్లే అమ్మా, కారిపోతోంది" అంటూ తప్పించుకు తిరిగేవాడు. ఆ నూనె వాసన ఇన్నాళ్ళైనా పోలేదు. ఈమధ్య ఇంకా గట్టిపడ్డట్టుంది. ఆ ఒక్క విషయంలో తనకి అదృష్టం ఉందనుకుంది ఆమె.

తుడవడం అయ్యాక కుక్కర్‌ని మూలనుంచి లాగింది.

అత్త కుర్చీ తెచ్చుకుని పెరట్లో పొయ్యికి దూరంగా కూర్చుంది. కోడలు గింజలు నింపిన సీసాలు లోపల పేర్చి, మూత పెట్టి, మరలు ఎదురెదురుగా బిగించింది. ఒక పక్కే బిగిస్తే మూత వాలుతుందని అతను చెప్పేవాడు. మంట పెట్టింది. ముల్లు కదిలింది. ఆవిరి సన్నగా చీలి బయటికి రావడం మొదలెట్టగానే ఆమె కాళ్ళు వాటంతటవే వెనక్కి నడిచాయి.

"ఎక్కడికి?" అంది అత్త.

"నీళ్ళు తాగొస్తా."

"నీళ్ళు నేను తెస్తా. నువ్వు ముల్లు చూడు. నాకు అంకెలు కనపడవు."

అత్త చెంబు తెచ్చి చేతికిచ్చి, కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఈల వచ్చింది. సన్నగా, ఆగకుండా. ముసలామె కళ్ళు మూసుకుంది. కోడలు మూసుకోలేదు. ముల్లు చూడాలి.

ముల్లు పూర్తిగా పడుకునే దాకా ఆమె మూత ముట్టుకోలేదు.

*

మిగిలిన రెండు తల్లి సీసాల్లో ఒకటి కలిపిన కొత్త సీసాలు కూడా పచ్చబడ్డాయి. ముందటికంటే తొందరగా.

ఇంట్లో మాటలు పెరిగాయి. సీసాలు కడిగేది అత్త పని. సరిగ్గా కడగలేదని కోడలు. మొగుడు పోయాక నీ హస్తవాసే పోయిందని అత్త. దూది పాతదని ఒకరు, మూతి దగ్గర మాట్లాడుతూ కూర్చున్నావని ఒకరు.

"నేను ఎవరితో మాట్లాడతాను ఆ గదిలో? గోడలతోనా?"

"నాకేం తెలుసు. గుసగుసలు వినపడతాయి."

కోడలి ముఖం ఎర్రబడింది. చొక్కాతో మాట్లాడుతుందని ఎలా చెబుతుంది?

తూకం ఆ సాయంత్రం షిఫ్టు దిగి ఇటే వచ్చాడు. మెట్టు మీద కూర్చుని బట్టతల తుడుచుకున్నాడు. అత్త ఇంట్లో లేదు, స్నానానికి వెళ్ళింది. నేల మీద వరసగా పెట్టిన పచ్చ సీసాల్ని చూసి అతను నాలుక చప్పరించాడు.

"ఇదే సరుకు. మాకూ దిగింది. ఈ వారం సగం సంచులు అవతల పడేశారు."

"మీకు పెద్ద ఆవిరి ఉందిగా. మీకెందుకొస్తుంది?"

"ఆవిరి తప్పు కాదు వదినా. లోపలున్నవి చచ్చాయి, బాగానే చచ్చాయి. అంతా చచ్చిన చోటే ఇది దిగేది. ఆపడానికి ఎవడూ ఉండడు కదా. చల్లబడ్డాక ఎవడో మురికి చొక్కాతో లోపలికి పోతాడు, అయిపోయింది. మా పిల్లలు సంచి విప్పకుండానే పట్టేస్తారు."

"ఎలా?"

"వాసన. ఈ పచ్చ బూజుల్లో ఒక రకం ఉందిలే, అచ్చం కొబ్బరినూనె వాసన కొడుతుంది. తూకం గదిలోకి బండి రాగానే ఎవరో తలంటుకుని దిగినట్టుంటుంది. ఆ అమ్మాయిలు నన్ను వదలరు. ఏం బాబాయ్, ఈ తలకి కూడా నూనేనా అని."

కోడలు నవ్వింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది.

పాడైన సీసాని దూది తీయకుండానే ఉడకబెట్టి, ఆ తర్వాతే ఖాళీ చేయాలి. అది కూడా అతని నియమమే, బూజు ఇల్లంతా ఎగరకూడదని. అందుకని ఈ ఇంట్లో ఇన్ని సీసాలు పచ్చబడినా వాటి వాసన ఎవరూ చూడలేదు. ఉడికిన గింజ వాసనే వీళ్ళకి తెలుసు.

"ఏమైంది?" అన్నాడు తూకం.

"ఏం లేదు. నువ్వు వెళ్ళు, రేపు మాట్లాడదాం."

"వదినా, నేనేమన్నా తప్పు..."

"నువ్వేం అనలేదు. వెళ్ళు."

*

గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసింది.

అత్త లోపల ఉంది. తడి జుట్టు వీపు మీద పరుచుకుని, ఉతికిన చీర కట్టుకుని, తలుపు వెనక గోడకి తిరిగి నిలబడి ఉంది. చొక్కా మేకు మీదే ఉంది. ఆమె రెండు చేతులతో దాన్ని దగ్గరికి తీసుకుని కాలర్లో ముఖం పెట్టుకుంది. తలుపు చప్పుడికి ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. చేతులు వదల్లేదు.

"స్నానం చేసే వచ్చాను" అంది ముందుగా.

కోడలు గుమ్మంలోనే ఆగింది. "ఎప్పటినుంచి అత్తయ్యా?"

"నువ్వెప్పటినుంచో నేనూ అప్పటినుంచే. నీ పని అయి నువ్వు బయటికి పోయాక వస్తాను." ముసలామె గొంతు తగ్గింది. "నిన్ను తలుపు సందులోంచి చూశాను ఒకసారి. నీదయ్యాక నాది అనుకున్నాను. ఎవరిది వాళ్ళం చూసుకుంటున్నాంగా, చెప్పడం దేనికి."

కోడలు దగ్గరికి వెళ్ళి కాలరు మడత విప్పింది. మెడకి ఆనుకునే చోట, అతని చెమట, నూనె, గింజల పిండి ఇంకిన చోట, లోపలి మడతంతా ఆకుపచ్చ. చేత్తో తాకగానే పొడి లేచింది. కదలని గాలిలో ఆ పొడి ఎటూ పోకుండా నిలబడింది. ఇద్దరూ రోజూ వచ్చి, ఒకరి తర్వాత ఒకరు, చొక్కాని దులిపి పోతున్నారు. ఆ దులుపు కిందే సీసా మూతులు తెరుస్తోంది తను. ఇల్లంతా తోమింది. గోడలకి సున్నం వేసింది. పక్కనే నిలబడి మేకు తుడిచింది.

"చూడు, వాసన ఇంకా ఎలా ఉందో" అంది అత్త. "మొన్నటికంటే ఎక్కువే ఉంది. ఆ రోజు పొద్దున నేనే రాశాను. విదిలించుకు పారిపోతుంటే పట్టుకుని మరీ రాశాను. అది పోలేదు, చూశావా. వాడు పోయినా అది పోలేదు."

చెప్పాలి. అత్తయ్యా, ఇది ఆయన కాదు, బూజు. ఆయన వాసన ఎప్పుడో పోయింది. మనం ఇన్నాళ్ళూ బూజుని వాసన చూసుకుంటున్నాం. ఆ మాటలు కోడలి నోటి దాకా వచ్చాయి. నీళ్ళు కారుతున్న ఆ తల, చొక్కా వదలని ఆ చేతులు చూసింది.

"దీనికి బూజు పట్టింది అత్తయ్యా" అంది. "సీసాలు పాడవుతున్నది దీనివల్లే. ఉడకబెట్టాలి."

"ఉతకడమా?"

"ఉతికితే పోదు. ఆవిరి పట్టాలి."

అత్త చొక్కాని మేకు మీంచి తీసి గుండెకి అదుముకుంది. "నా పెట్టెలో పెట్టుకుంటాను. ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టుకుంటాను. ఈ గదికి తేను."

"మీరు దాన్ని తీయకుండా ఉంటారా?"

అత్త చొక్కాని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"తీస్తారు. తీసిన చేత్తోనే సీసాలు కడుగుతారు. నేను తీయకుండా ఉంటానా? నేనూ తీస్తాను. ఒక్క సీసా ఉంది అత్తయ్యా. ఒక్కటే. ఇదీ పోతే ఆయన తెచ్చిన పుట్టగొడుగు ఇంక ఎక్కడా ఉండదు."

"ఉండకపోతే ఉండకపోనీ. ఏం చేసుకోను దాన్ని? అది వాణ్ణి తెస్తుందా?" అత్త గొంతు పైకి లేచింది. "కన్నదాన్ని నేను. వాడి ముఖం చూడనివ్వలేదు నన్ను. గుడ్డ మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోమన్నారు. నాకు మిగిలింది ఇది. ఆవిరి వాణ్ణి తిన్నది చాల్లేదా, వాసన కూడా దానికే పెడతావా? కంపెనీ సగం చేసింది, నువ్వు పూర్తి చేస్తావా?"

కోడలు నిలబడి విన్నది. ఒక్క మాటతో ఇదంతా ఆపొచ్చు. ఆపలేదు.

"చేస్తాను" అంది.

ఆ ముసలామె ఆమెని చాలాసేపు చూసింది. అంత కోపం ఆ ముఖంలో కోడలు పెళ్ళయ్యాక ఎప్పుడూ చూడలేదు. తర్వాత చొక్కాని ఆమె చేతిలో పెట్టకుండా బల్ల మీద పెట్టింది.

"నా చేత్తో వెయ్యను. నువ్వే వేసుకో." బయటికి నడిచింది. గుమ్మం దగ్గర ఆగింది. "దాన్నన్నా నలపకుండా వెయ్యి."

*

కోడలు చొక్కాని మడతపెట్టి, కొత్త సీసాలతో పాటు కుక్కర్లో పెట్టింది. మరలు ఎదురెదురుగా బిగించింది. ఈసారి చెంబు తెచ్చిచ్చే మనిషి లేదు. ముల్లు లేచింది. ఈల మొదలైంది. ఆవిరితో పాటు ముందు కొబ్బరి వాసన ఒక్కసారి గుప్పుమంది, పెరడంతా. తలుపు చాటున అత్త గాజుల చప్పుడు వినపడింది. ఆమె కూడా పీలుస్తోందని కోడలికి తెలుసు. ఆ తర్వాత మామూలు ఆవిరి. తడి బట్ట, గింజలు. ఇంకేమీ లేదు.

బూజని తెలుసు కోడలికి. బాగా తెలుసు. అయినా ఆ గుప్పు పోతుంటే పరిగెత్తుకెళ్ళి మంట ఆర్పేయాలనిపించింది. చీర చెంగు నోట్లో కుక్కుకుని ముల్లు చూస్తూ కూర్చుంది.

మర్నాడు అత్త అన్నం వడ్డించింది, కంచం ఠంగుమని నేలకి తగిలేలా పెట్టింది. పెరట్లో నిన్నటి పచ్చ సీసాలు అలాగే ఉన్నాయి. కుక్కర్లో చొక్కా వేసే హడావుడిలో వాటిని ఉడకబెట్టనే లేదు. అత్త వాటి ముందు పీట వేసుకుని కూర్చుంది. కోపంలో ఉన్న మనిషికి నియమాలేం గుర్తుంటాయి. ఒక సీసా తీసుకుని దూది పీకి అవతల పారేసింది.

కోడలు వంటింటి కిటికీలోంచి చూసింది. "అత్తయ్యా, దూది" అని అరవబోయి ఆగిపోయింది.

అత్త కదలకుండా కూర్చుంది. సీసా ముఖం దగ్గరే ఉంది. ఒకసారి దూరం పెట్టింది. మళ్ళీ దగ్గరికి తెచ్చుకుని పీల్చింది. పక్క సీసా తీసి దాని దూది పీకింది. అదీ పీల్చింది. ఇంకొకటి. ఆమె భుజాలు కిందికి జారాయి. అలా ఎంతసేపు కూర్చుందో. కోడలు బయటికి వెళ్ళే ధైర్యం చేయలేకపోయింది.

తర్వాత ముసలామె లేచి, తెరిచిన సీసాలన్నీ గుంటలో వేసి, సున్నం గుమ్మరించి, మట్టి కప్పింది. మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుంది. పెరటి దడి చాటుకి వెళ్ళి చాలాసేపు నీళ్ళు పోసుకుంది. ఉతికిన చీర కట్టుకుని, దండెం మీద ఆరిన చొక్కా తీసుకుని వచ్చింది.

"నిన్న తెలుసా నీకు?" అంది.

కోడలు తలూపింది.

"అన్ని తిట్లు తిన్నావు. చెప్పి ఉండొచ్చుగా."

"ఎలా చెప్పను అత్తయ్యా."

అత్త చొక్కాని దులిపి, కోడలి చేతులు ఒక్కొక్కటీ ఎత్తి, చిన్నపిల్లకి తొడిగినట్టు చీర మీదే తొడిగింది. చేతులు పొడుగయ్యాయి. మణికట్టు దాకా మడిచింది. "గదిలోకి శుభ్రమైన బట్టే వేసుకోవాలని కదా వాడి రూలు. దీనికంటే శుభ్రమైంది ఈ ఇంట్లో ఏముంది ఇప్పుడు. పద. నేను దీపం పట్టుకుంటాను. నోరు తెరవను."

తలుపు వెనక మేకుకి ఏమీ లేదు. ఇద్దరూ అటు చూడలేదు. దీపం మంట పక్కన కోడలు చివరి తల్లి సీసా దూది తీసి, గింజల్ని విదిలించి, ఒక్కో కొత్త సీసాలోకి కొంచెం కొంచెం వంచింది. తల్లి సీసా ఖాళీ అయింది. ఇంక వెనక్కి తిరిగే దారి లేదు. అత్త ఊపిరి బిగబట్టి నిలబడింది, నిజంగానే నోరు తెరవలేదు.

ఆ తర్వాత రోజూ ఇద్దరూ గుమ్మంలోంచే చూశారు. మొదట గింజల చుట్టూ నలుసుల్లా తెలుపు. తర్వాత ఆ నలుసుల్లోంచి పోగులు. రెండు సీసాలు పచ్చబడ్డాయి. మిగతావి పచ్చబడలేదు. పోగు పోగు కలిసి, గింజ గింజని పట్టి, సీసా అడుగు దాకా తెల్లగా నిండాయి. తూకం వచ్చి చూసి, ఏదో జోకు వేయబోయి, వేయలేక ముక్కు చీదుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అత్త ఒక సీసా చేతిలోకి తీసుకుంది. దూది మీద వేలు పెట్టింది.

"దీని వాసన ఎలా ఉంటుంది?"

"మంచి వాసనే. తడి మట్టిలా, కొత్త పిండిలా. పని చేసి వచ్చినప్పుడు ఆయన చేతులకి ఉండేదే." చెప్పాక కోడలు ముసలామె వేలు చూసింది. "తీయకండి అత్తయ్యా. తీస్తే పోతుంది."

"తీయనులే."

వేలు తీసేసింది. సీసాని చెంపకి ఆనించుకుని అలాగే ఉంది. లోపల పోగు గింజని తింటూ పెరుగుతుంటే గాజు కాస్త వేడెక్కుతుంది.

"గోరువెచ్చగా ఉందే" అంది అత్త. రెండో చేత్తో కోడలి తలని లాగి సీసాకి అవతలి వైపు ఆనించింది.